టిక్కుటిక్కు వాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

బెజవాడయందు పటమటకు చేరువనున్న జవహర్ ఆటోనగరమున, లారీబాడీలు కట్టు సుత్తెల మ్రోతయు, వెల్డింగు మెఱుపులును, పాత ఇనుపసామాను గుట్టలును నలుదెసల నావరించియుండగా, తన కారు ఇంటివాకిట మొరాయించుటచే ఆటో యెక్కి వచ్చిన గృహస్థుడొకడు ఎలక్ట్రీషియను దుకాణము ముంగిట నిలిచి పలికిన వాక్యమిది. వినుటకు సామాన్యమైన మొఱవలె నున్నను, రోగలక్షణమును, రోగస్థానమును, చికిత్సాక్రమమును తనలో నిముడ్చుకొన్న సూత్రమగుటచే నియ్యది వ్యాఖ్యానము నర్హించుచున్నది. కాళిదాసాది మహాకవుల కావ్యములకు టీకలు రచించిన కోలాచల మల్లినాథసూరి నిరాధారమైనదానిని తన వ్యాఖ్యలయందు చొరనీయనని నియమము పెట్టుకొన్నాడు. ఆ నియమమే మనకును శరణ్యము; ఏలయన ఈ వాక్యము పూర్తిగా చెవిని పడకమునుపే «సెల్ఫ్ మోటారు పోయిందండీ, మార్చాలి» అని తేల్చువారు, పద్యమును చదువకయే పాఠమును దిద్దు పండితుల కోవలోనివారు.

మూలము

«తాళం తిప్పితే టిక్కుటిక్కుమంటంది గానీ బండి స్టార్టవట్లేదు మేస్త్రీ!»

ప్రతిపదార్థము

మేస్త్రీ = ఓ యంత్రవైద్యుడా! తాళం తిప్పితే = తాళపుచెవిని కడపటి మెట్టువఱకు త్రిప్పగా; టిక్కుటిక్కుమంటంది = (సోలనాయిడు) ఎడతెగక కొట్టుకొనుచున్నది; గానీ = అట్లయ్యును; బండి = లక్షణావృత్తిచే ఇంజను; స్టార్టవట్లేదు = ఒక్క చుట్టైనను తిరుగకున్నది.

తాత్పర్యము

ఆజ్ఞ చేరినది, బలము చేరలేదు.

విశేషములు

ఈ వాక్యమునకు ప్రాణము «గానీ» యను చిన్నమాటయందున్నది. దానికి ముందున్నదొక విద్యుద్వలయము, వెనుకనున్నది మఱియొకటి. తాళమునుండి రిలేమీదుగా సోలనాయిడు చుట్టవఱకు పాఱు స్వల్పవిద్యుత్తు మొదటిది. బ్యాటరీనుండి లావుపాటి కేబులుగుండ సెల్ఫ్ మోటారునకు పోవు నూఱు ఆంపియర్లకు మించిన ప్రవాహము రెండవది. సోలనాయిడులోని ఇనుపకడ్డీ కదలి, ఒక రాగిబిళ్లను రెండు బోల్టుల తలలపై నదిమినప్పుడు రెండవ వలయము మూసికొనును. ఆ కదలికకే చప్పుడు పుట్టును. కావున శబ్దము ఇంజను ప్రక్కనుండియే వెడలినయెడల తాళమును, స్విచ్చిని, రిలేను అనుమానించుట మూలవిరుద్ధము.

ఇక «టిక్కుటిక్కు». బాలవ్యాకరణము చదివినవారు ఇందలి రెండవ టిక్కును ఆమ్రేడితమని చెప్పి యూరకుందురు, మేస్త్రి యూరకుండరాదు. సోలనాయిడునందు లాగు చుట్టయొకటి, పట్టియుంచు చుట్టయొకటి గలవు. బిళ్ల తగిలినంతనే మోటారు భారమంతయు నీరసించిన బ్యాటరీపై బడును; వోల్టేజి దిగ్గున పడిపోవును; పట్టియుంచు చుట్టకు సత్తువ చాలక స్ప్రింగు బిళ్లను వెనుకకు నెట్టును; భారము తొలగినంతనే వోల్టేజి లేచును, చుట్ట మరల లాగును. ఈ పతనోత్థానములు సెకనులో పలుమాఱులు జరుగుటయే «టిక్కుటిక్కు». అనగా నిచటి ద్విరుక్తియే రోగనిదానము.

పూర్వపక్షము: హెడ్‌లైట్లు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది; బ్యాటరీయెట్లు దోషి?

సమాధానము: 55 వాట్ల హెడ్‌లైట్లు రెండును కలిసి పీల్చునది 9 ఆంపియర్ల చిల్లర. దానినిచ్చినవాడు నూటయేబది కూడ నీయగలడని పూచీపడుట లోకవ్యవహారమున నెంత సాహసమో ఇచటను అంతే. నిండుగా చార్జియైన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపును, 12.2 చూపినచో సగము ఖాళీ. 12కు దిగినచో దాదాపు రిక్తము. రోహిణికార్తె యెండ ఆసిడ్డులోని నీటిని హరించి, లోపలి పలకలను తినివేయుటచే, బెజవాడ బ్యాటరీలకు చలికాలముకంటె వేసవియే గండము.

మఱియొక పూర్వపక్షము: మొన్ననే క్రొత్త బ్యాటరీ వేయించితిమి, మీటరు 12.6 చూపుచున్నది, ఇంక దోషమేది?

సమాధానము: ప్రకాశం బ్యారేజీకడ 12 అడుగుల నీరు నిండుగా నిలిచియున్నను, కాలువలో గుర్రపుడెక్క పేరుకొన్నయెడల నాగాయలంక శివారుచేలకు తడి యందదు, మట్టము చూపు కొలబద్ద నిలిచిన నీటిని చెప్పునేగాని పాఱు నీటిని చెప్పదు. వోల్టులును అట్టివే. టెర్మినళ్లపై తెల్లగనో పచ్చగనో పొంగిన పొడియు, వ్రేలితో కదపిన కదలు క్లాంపును, నెగటివు కేబులు బాడీకి తగులుచోట పట్టిన త్రుప్పును చిన్నచిన్న టిక్కులకు చాలిన విద్యుత్తును పోనిచ్చి, మోటారు కోరు ప్రవాహమును మాత్రము అడ్డగించును. సముద్రపుగాలి వీచు బందరు ప్రాంతపు బండ్లయందీ త్రుప్పు మఱియు త్వరితము. నెగటివును ముందుగా విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గీకి, బిగించుట చికిత్స. దీనికగు వ్యయము టీనీళ్ల ఖర్చునకు మించదు గనుక కొందఱు వైద్యులకిది రుచింపదు.

పాఠాంతరములు

«టక్కుమని ఒక్కసారి అంటంది» అని కొందఱి పాఠము. ఇది స్వల్పభేదమని త్రోసిపుచ్చరాదు. బిళ్ల తగిలి నిలిచినది, మోటారు కదలలేదని దీని భావము: బిళ్ల కాలియుండవలె, కార్బన్లు అరిగియుండవలె, లేదా ఆర్మేచరు పట్టుకొనియుండవలె. స్పానరుతో మోటారును మెల్లగా తట్టగా నొకసారి తిరిగెనేని కార్బన్లపై నేరము బలపడును; బండి కదలినది గదాయని సంతసించి మేస్త్రిని మఱచుట తగదు.

«గిర్రుమంటంది» అను పాఠమున మోటారు తిరుగుచున్నది, దాని పళ్లచక్రము ఫ్లైవీలును అందుకొనుట లేదు. ఫ్యూజుపెట్టెనుండి సన్నగా వినవచ్చు «టిక్కు» రిలేదేగాని సోలనాయిడుది గాదు. «అసలు చప్పుడే లేదు» అనునది పాఠాంతరము గాదు, వేఱు గ్రంథము.

పాఠనిర్ణయమునకు ఉపాయమొకటి గలదు. హెడ్‌లైట్లు వేసి తాళము త్రిప్పవలెను. అవి మినుకుమినుకుమని క్రుంగినచో దోషము బ్యాటరీయందో టెర్మినళ్లయందో. చలింపక వెలిగినచో మోటారువైపు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మున్నగు పేటలు మునిగిన నాటినుండి «టక్కు» పాఠమునకు మఱియొక యర్థము చేరినది. నీటమునిగిన కారునందు సిలిండరులోనికి నీరు చేరియుండవచ్చును. గాలివలె నీరు నొక్కుడు పడునది గాదు గనుక పిస్టను మధ్యలోనే యాగును. అప్పుడు పట్టుదలతో సెల్ఫ్ కొట్టుటయు, నలుగురిని పిలిచి త్రోయించుటయు కనెక్టింగురాడ్డును వంచుటకు దారితీయును. అట్టి బండికి తాళమే పెట్టక, బ్యాటరీ విప్పించి, కట్టి యీడ్పించుకొనిపోవుట శ్రేయము.

చికిత్స

1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ మోటారును కాడిలాక్ కార్లకు బిగించినదాదిగా మనుష్యుని భుజబలము హ్యాండిలునుండి విముక్తమయ్యెనని చరిత్రకారులందురు. వెనుకనుండి త్రోయుటనుండి మాత్రమింకను గాలేదు. గేర్లబండియైనచో రెండవ గేరున త్రోసి క్లచ్చి వదలవచ్చును. ఆటోమేటిక్ బండికిది వర్జ్యము. పొరుగువాని బ్యాటరీ నరువు తెచ్చునప్పుడు ఎఱ్ఱతీగ రెండు పాజిటివులకును, నల్లతీగ యొకకొన మంచి బ్యాటరీ నెగటివునకును, రెండవకొన మన ఇంజను ఇనుమునకును తగిలింపవలెను. బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును గావున కడపటి నిప్పురవ్వ దానికి దవ్వున రాలవలెను. బండి యందుకొన్నపిదప మీటరు 14 వోల్టుల చుట్టుప్రక్కల చూపనియెడల ఆల్టర్నేటరు చార్జి చేయకున్నదని యెఱుగవలయును. దానిని విడిచి బ్యాటరీని మాత్రమే మార్చినవాడు రెండవ బ్యాటరీకిని త్వరలో నదే గతి పట్టించును.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను చదివినవాని కారు వెంటనే స్టార్టగునని చెప్పజాలము. కాని చప్పుడు ఒకటియా అనేకమా, ఎచటినుండి వచ్చినది, అప్పుడు లైట్లు ఏమయినవి అను మూడింటిని తడబడక విన్నవించుకొను శక్తి వానికి కలుగును. ఈ మూడు చెప్పినవాని యెదుట మోటారు విప్పవలెనన్న మేస్త్రికి కారణము చెప్పక తప్పదు. మూలములోని ముందుమాటలన్నియు విడిచి «స్టార్టవట్లేదు» అని మాత్రమే పలికినవానికి, బిల్లునందు ప్రక్షిప్తములు మెండుగా కానవచ్చును.