బిళ్ళ: టీకా తాత్పర్యం

మూలం: “చిల్లర లేదబ్బయ్యా, ఈ బిళ్ళ తీస్కో.”

అవతారిక: వరికుంటపాడున పందొమ్మిది రూపాయల సరుకు కొని ఇరవై నోటిచ్చినవానితో కొట్టువాడు పలుకుచున్నాడు.

ప్రతిపదార్థం: చిల్లర = రూపాయి నాణెము; లేదు = ఉన్నది, నీకు లేదు (సొరుగున గలగల వినవచ్చుచుండగా అన్నమాట గావున ఇట్లే అన్వయింపవలెను); అబ్బయ్యా = ఓ కొనువాడా (ఏబదేండ్లు దాటిన నాకును ఇదే పిలుపు; ముద్దుచేత గాదు, ఎదురాడకుండుటకు); ఈ = సీసాలోని; బిళ్ళ = పిప్పరమెంటు; తీస్కో = ఇక కదులుము.

తాత్పర్యం: రూపాయి పోయినది.

విశేషం: ‘బిళ్ళ’ యందు శ్లేష. రూపాయి బిళ్ళయు బిళ్ళయే, పిప్పరమెంటు బిళ్ళయు బిళ్ళయే. వర్తకులు సొంతబిళ్ళ చెల్లించుట కొత్త గాదు. దొరతనము రాగి చిల్లర చాలినంత వేయకపోగా, 1787లో వేల్సులోని ఆంగ్లెసీ దీవిన గనివారు తమ రాగితో తామే పెన్నీ లొత్తించిరి. ఒకవైపు గడ్డపు డ్రూయిడ్ (ప్రాచీన పురోహితుని) తల. అంచున, అడిగినచో లండన్, లివర్‌పూల్, ఆంగ్లెసీలలో సొమ్మిత్తుమను మాట. 1817లో పార్లమెంటు ఇట్టి బిళ్ళలను మాన్పించెను. మన సర్కారు జిల్లాలకు 1794 తేదీతో ఈస్టిండియా కంపెనీవారు, వారును వర్తకులే గదా, బర్మింగ్‌హామున రాగి నాణెములు కొట్టించిరి. పెద్దవానిపై రూపాయికి 48, చిన్నవానిపై రూపాయికి 96 అని లెక్క చెక్కియుండును. నెల్లూరు సీమ గరిమెనపెంటలోనే రాగిరాయి యుండగా ఓడలపై తెప్పించుట యేలనో, ఆ దొరలనే అడుగవలెను.

శంక: అట్లయిన పిప్పరమెంటు ఈ వంశముదేనా?

సమాధానం: కాదు. ఆంగ్లెసీవాడు తన బిళ్ళను తాను పుచ్చుకొనును. కంపెనీవాడు, ఎంతవాడైనను, లెక్క నాణెము మీదనే చెక్కెను. సీసా బిళ్ళకు అంచున మాట లేదు. కాగితముపై మిఠాయి కంపెనీ పేరున్నను, కొట్టువాని పేరు లేదు.

నిదర్శనం: టీకాకారుడు నాలుగు బిళ్ళలు కూడబెట్టి, నాలుగు రూపాయల అగ్గిపెట్టెలకై అదే కొట్టు బల్లపై పేర్చెను. జేబులోని ఎండవేడికి ఒకటి కాగితమున కంటుకొని చదునై, నిజముగనే నాణెమువలె నుండెను. కొట్టువాడు నాలుగింటిని ఒక్క వేలితో వెనుకకు నెట్టి, “అది తినేదబ్బయ్యా. దుడ్లియ్యి” అనెను.

దుడ్లు = రాగి నాణెములు (ప్రాచీనార్థము). ‘ఫోన్‌పే కొట్టు’ అని పాఠాంతరము.