ఈశాన్యం మూల ఇంజనీరు సారు

సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడికి సొంత ఊరంటూ ఉండదు. ఎక్కడ పునాది తీస్తే అదే వాడి ఊరు. స్లాబు పడి, సున్నం వేశాక ఆ ఊళ్లో తలదాచుకునే చోటు లేనిది వాడొక్కడికే. 2015 కార్తీకంలో మా కాంట్రాక్టరు నన్ను ఎర్రవల్లికి పొమ్మన్నాడు. డబుల్ బెడ్‌రూం ఇళ్ల పని. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దత్తత తీసుకున్న ఊరు, ఆయన వ్యవసాయ క్షేత్రం ఉన్న ఊరు. పేపర్లో దాని పేరు రాని వారం లేదు.

కబురు విని మా అమ్మ రెండింటికి భయపడింది. రాష్ట్రం రెండై ఏడాదిన్నరే అయింది, మాదేమో గుంటూరు జిల్లా. అది చిన్న భయం. "అక్కడ మనవాళ్లెవరూ ఉండరటగా నాన్నా!" అన్నది పెద్ద భయం. అమ్మ లెక్కలో మనవాళ్లంటే ఆదివారం తెల్లచీర కట్టుకుని కీర్తనల పుస్తకం చంకన పెట్టుకునేవాళ్లు. పాస్టరుగారి చేత నా తలమీద చెయ్యి వేయించి, దానియేలును సింహాల గుహలోకి సాగనంపినట్టే సాగనంపింది.

గుహలో సింహాలు అడిగిన మొదటి మాట: "చాయ్ తాగుతవా సారూ?"

ఇళ్లు కట్టడానికి వెళ్లిన ఊళ్లో కిరాయికి ఇళ్లు దొరక్కపోవడం సహజమే కదా. చివరికి ఒక అవ్వ ఇంట్లో ముందు గది ఖాళీగా ఉందన్నారు. అవ్వ అరుగు మీద కూచుని ఇంటర్వ్యూ చేసింది. మా కంపెనీవాళ్లు కూడా అంత లోతుగా అడగలేదు.

"మీదేవూరు బిడ్డా?"

"గుంటూరు దగ్గరండీ."

"పెండ్లయిందా?"

"ఇంకా లేదండీ."

"కూర తింటవా?"

"తింటానండీ."

ఇక్కడిదాకా ఇద్దరం సాఫీగానే వచ్చాం. అప్పుడు అసలుది వచ్చింది. "మీరేమోల్లు?"

తెలుగునేల మీద ఏ మూలకు పోయినా ఈ ప్రశ్న ఉంటుంది, యాస ఒక్కటే మారుతుంది. ఇది మతం అడగడం కాదు. అయినవాళ్లు ఒక్క ముక్కతో జవాబు చెప్పి చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోతారు. మాకు ఆ సౌకర్యం లేదు. "క్రైస్తవులమండీ" అంటే ప్రశ్న అక్కడితో ఆగదు, "అది సరే, అంతకుముందు?" అని ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. మాది రెండువేల ఏళ్ల మతం. అయినా మన ఊళ్లలో దానికి ఇంకా ఒక 'అంతకుముందు' ఉంటుంది.

"ఇంజనీర్లమండీ" అన్నాను.

అవ్వ ఆలోచించింది. "అంటే వడ్లోల్ల లెక్కనా?"

"ఇంచుమించు అంతేనమ్మా."

గది దొరికింది. యోసేపుగారి వృత్తి వడ్రంగమే కాబట్టి ఇందులో అబద్ధమేమీ లేదని ఆ రాత్రి దోమతెరలో పడుకుని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పనిలోకి దిగేసరికి సగంమంది మేస్త్రీలు నల్లబట్టల్లో ఉన్నారు. అయ్యప్ప మాలల కాలం. మాల వేసుకున్నవాణ్ణి స్వామి అనాలి. వాడూ ఎదుటివాణ్ణి స్వామి అనే పిలుస్తాడు. సూపర్‌వైజరు బతుక్కి ఇంతకంటే కష్టం రాదు. "స్వామీ, మాలులో ఇసక ఎక్కువైంది స్వామీ" అని ఎవడినైనా తిట్టి చూడండి, అది తిట్టుగా ఉండదు, విన్నపంలా ఉంటుంది. "శరణం స్వామీ" అని వాడు ఇంకో తట్ట ఇసక వేస్తాడు. మండలం రోజులు ఆదివారం బడిలో చదువుకున్న నన్ను ఊరంతా స్వామీ అని పిలిచింది. ఫోన్లో అమ్మకు ఈ సంగతి చెప్పలేదు.

డిసెంబరు వచ్చింది. ఎర్రవల్లి క్షేత్రంలో కేసీఆర్ తలపెట్టిన అయుత చండీ మహాయాగం 23 నుంచి 27 దాకా. నా క్రిస్మస్ సరిగ్గా దాని నడిమధ్యన పడింది. 24న మిలాదున్నబీ. 25న పౌర్ణమి, క్రిస్మస్‌నాడు నిండు చందమామ రావడం 1977 తరవాత అదే మొదలట. ఆ వారం దేవుళ్లకు ఖాళీ లేదు, పోలీసులకు అసలే లేదు.

అయుతమంటే పదివేలు. 700 మంత్రాల దుర్గా సప్తశతిని పదివేలసార్లు పారాయణ చెయ్యాలి. ఇదెట్లా సాధ్యమని నాలోని ఇంజనీరుకు నిద్రపట్టలేదు. ఒక పంతులుగారు బీడీకట్ట ఖాళీ డబ్బా మీద లెక్క వేసి చూపించారు. వెయ్యిమంది ఋత్విక్కులు మొదటి రోజు తలా ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడు, నాలుగో రోజు నాలుగు. ఒకటీ రెండూ మూడూ నాలుగూ కలిపితే పది, ఇంటూ వెయ్యి. అయిదో రోజు హోమం, పూర్ణాహుతి. నా జీవితంలో ఇంత శుభ్రమైన వర్క్ షెడ్యూలు చూడలేదు. మా కాంట్రాక్టరుకు చూపిస్తే, "మనకు వెయ్యిమంది లేరు, నీకున్నది పదకొండుమంది స్వాములు" అన్నాడు.

మా ఇళ్లల్లో క్రిస్మస్‌కు గుమ్మంలో కాగితం నక్షత్రం కడతాం. నేనూ ఒకటి తెచ్చి, లోపల బల్బు పెట్టి, అవ్వ వసారాలో ఒక పక్కన వేలాడదీశాను. గుండె దడదడలాడింది. ఊరంతా తోరణాలు, అరటి స్తంభాలు, మధ్యలో నా బేత్లెహేము నక్షత్రం. పొద్దున లేచి అవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

"ఒక దిక్కే కట్టినవేంది బిడ్డా? అటు దిక్కు గూడ ఒకటి కట్టరాదు, యాగానికొచ్చెటోల్లకు మంచిగ కనవడ్తది."

రెండోది కూడా కట్టాను.

25 పొద్దున గజ్వేల్ వైపు చర్చి ఉందంటే బండి తీశాను. రాష్ట్రమంతా ఎర్రవల్లికి వస్తోంది, పక్క రాష్ట్రపు ముఖ్యమంత్రిని సైతం పిలిచారు. ఎదురుదిక్కున పోతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కానిస్టేబుల్ ఆపాడు.

"పాసేది?"

"లోపలికి కాదండీ, బయటికి."

"బయటికా? గిప్పుడు బయటేం పనుంది?"

"చర్చికండీ. క్రిస్మస్ కదా."

అతను వాచీలో తేదీ చూసుకున్నాడు. డ్యూటీలో పడి అయిదు రోజులుగా అతనికి తేదీ తెలిసినట్టు లేదు. "అరె, ఇయ్యాల ఇరవై అయిదు గదా! హ్యాపీ క్రిస్మస్ సార్. పోండ్రి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పాసుండాలె."

పాసు లేదు. పోతే రాలేను. పరాయివాణ్ణని నేను భయపడుతూ వచ్చిన ఊళ్లోకే ఇప్పుడు తిరిగి రానివ్వరేమోనని భయం వేసింది. బండి వెనక్కి తిప్పాను.

మధ్యాహ్నం అవ్వ నన్ను యాగం భోజనాలకు లాక్కుపోయింది. విస్తరి ముందు కూచున్నాక పౌలుగారు గుర్తొచ్చారు. విగ్రహాలకు అర్పించినవి తినొచ్చా తినకూడదా అన్న సంగతి మీదే కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయమంతా ఉంది. తినడంలో తప్పు లేదు గానీ, చూసి బలహీనమైన మనస్సాక్షి గలవాడు తడబడితే మానుకోవాలని దాని సారాంశం. ఆ బంతిలో నన్ను చూసి తడబడే క్రైస్తవుడు ఎవడూ లేడు. పులిహోర రెండుసార్లు అడిగాను. రాత్రి ఫోన్లో అమ్మ "పండక్కి ఏం తిన్నావురా?" అంది. పులిహోరన్నాను. "బిర్యానీ దొరకలేదా నా తండ్రీ!" అని ఏడ్చింది.

చివరి రోజు యాగశాల పైకప్పుకు నిప్పంటుకుంది. ఫైరింజన్లు ఆర్పేశాయి, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ రావలసిన కార్యక్రమం ఆగిపోయింది. నేను ఇంటికి పరిగెత్తి ముందు నా నక్షత్రాల వైర్లు చూసుకున్నాను. ఊళ్లో వేరే మతంవాడు ఒక్కడే ఉన్నప్పుడు షార్ట్ సర్క్యూట్‌కు కూడా మతం వస్తుంది. అవ్వ మాత్రం తేల్చేసింది: "అగ్నిదేవుడు పూర్ణాహుతి దాక ఆగలే, తనే వచ్చి తీస్కున్నడు." అంతటితో విచారణ ముగిసింది.

నా సంగతి ఆమెకు ఎప్పటినుంచి తెలుసో నాకు తెలీదు. వానాకాలంలో ఒక రోజు గోడకు చెమ్మ దిగిందని పిలిచి, ఉన్నట్టుండి అంది: "మెదక్ల మీ గుడి జూసినవా? మా మనుమరాలికి పాణం బాగలేకుంటే మొక్కుకున్న. ఎంత పెద్దగుంటది! నూరేండ్లాయె, దానికి చెమ్మ రాలే."

1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ జరిగిన చర్చి అది. కరువుకాలంలో పోస్నెట్ దొర జనానికి పనీ తిండీ చూపిస్తూ కట్టించాడు. అయిదువేలమంది పడతారు. దాని ముందు నా 560 చదరపు అడుగుల ఇల్లు, దాని 5 లక్షల 4 వేల ఎస్టిమేటు పెట్టి పోలిస్తే నేనేం చెప్పను? "వాళ్లకు పదేళ్ల టైమిచ్చారవ్వా" అన్నాను.

ఒకే మతం ఊరని అమ్మ భయపడింది గానీ, చందా పుస్తకం ఆ మాట ఒప్పుకోదు. బోనాలకు పోచమ్మ, పసుపు బండారితో కొమురవెల్లి మల్లన్న, చవితికి గణపతి, సద్దుల బతుకమ్మ. ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీ 'ఇంజనీరు సారు'దే. 2016లో దసరా అక్టోబరు 11న పడితే, ఆ మర్నాడే పీర్ల పండుగ. చుట్టుపక్కల ఊళ్లలో పీరును ఎత్తుకుని గుండం చుట్టూ ఆడేవాళ్లలో ముస్లింలెవరో వెతుక్కోవాలి. ఆ చందా వసూలుకొచ్చింది కూడా నల్లబట్టలు విడిచిన మా స్వామే, మలీద ముద్ద ఇచ్చి పోయాడు. నా జీతంలో దశమభాగం దేవుడిదని అమ్మ చిన్నప్పటినుంచీ నూరిపోసింది. ఎర్రవల్లిలో నేనిచ్చింది దశమభాగం కంటే ఎక్కువే, రసీదుల మీద దేవుడి పేరే వేరు. అదే దసరానాడు జిల్లా కూడా మారింది. మెదక్ జిల్లాలో పడుకుని సిద్దిపేట జిల్లాలో లేచాను.

అసలు చిక్కు వాస్తుతో వచ్చింది. ఇంటికి రెండు పడగ్గదులు, హాలు, వంటగది, రెండు పాయిఖానాలు. ఇంట్లో పాయిఖానా అంటేనే పెద్దవాళ్లకు కడుపులో తిప్పుతుంది, అందులో రెండు! అది ఏ మూలన పడిందన్నది తరవాతి గొడవ. ఒకే ప్లానును రోడ్డుకు ఎదురెదురుగా తిప్పితే ఇటువైపు ఆగ్నేయంలో ఉన్న పొయ్యి అటువైపు వాయవ్యంలో పడుతుంది. చెబితే ఎవరు వింటారు? రోజూ సాయంత్రం నా గది ముందు జనం. చివరికి గజ్వేల్ బస్టాండులో ఒక వాస్తు పుస్తకం కొన్నాను. రాత్రిళ్లు బైబిలు ఒక అధ్యాయం, వాస్తు ఒక అధ్యాయం. ఆగ్నేయం కుదరనప్పుడు వాయవ్యంలో పొయ్యి పరవాలేదని దొరికిన రోజున స్తుతి కీర్తన పాడుకున్నాను. నెల తిరక్కుండా పక్క ఊరివాళ్లు కూడా రావడం మొదలైంది. "ఆంధ్ర సారు మూల జూస్తే తప్పదు" అని పేరు పడింది.

2016 డిసెంబరు 23న ఊరంతా ఒకేసారి గృహప్రవేశం. వరసగా పాలు పొంగుతుంటే నేను గడప గడపకూ తిరిగి మూలలకు భరోసా ఇచ్చాను. ఆ రాత్రే బస్సెక్కాను, ఈసారి క్రిస్మస్ ఇంట్లో.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. అమ్మ నా పులిహోర సంగతి చెప్పేసిందనుకున్నాను.

"మందిరానికి ప్రహరీ కట్టిస్తున్నాం బాబూ" అన్నారు. "రోడ్డు దక్షిణానికి కాబట్టి గేటు అటే పెట్టాలి. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదనుకో." చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "కానీ దక్షిణంలో ఎటు జరిపితే మంచిదంటావు?"

"ఆగ్నేయం వైపు పరవాలేదండీ. నైరుతికి మాత్రం పోనివ్వకండి."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఆ పూట ప్రసంగం రాసుకొచ్చిన కాగితం వెనకాల రాసుకున్నారు.