నెత్తిన నక్షత్రమున్న ధర

ఫైలు కదలడానికి నెల పట్టే లక్డీకాపూల్ ఆఫీసుల్లో, ప్రాసెసర్ వేగం మీద మాత్రం చాయ్ బండి దగ్గర గంటసేపు చర్చ. మన గుమాస్తా గారి బడ్జెట్ నలభై వేలు. మనసేమో నిన్న విడుదలైన లాప్‌టాప్ మీద.

ప్రకటనలో ధర పెద్దక్షరాల్లో ఉంది, దాని నెత్తిన ఒక చిన్న నక్షత్రం. అబిడ్స్ షాపుకెళ్తే ఆ నక్షత్రం అర్థం తెలుస్తుంది. "ఆ రేటుకు ఎనిమిది జీబీ ర్యామే సార్. బోర్డుకే అతికించి ఉంటది, రేపు పెంచుకుందామన్నా కుదరదు." 512 జీబీ అని కొన్న డిస్కు విండోస్‌లో 476గా కనబడుతుంది. కంపెనీ లెక్క వేలల్లో, విండోస్ లెక్క 1024ల్లోనట. మోసం కాదు, గణితం! జీఎస్టీ సంగతా? 2025 సెప్టెంబరులో ఏసీలు, పెద్ద టీవీలు 28 నుంచి 18 శాతానికి దిగొచ్చాయి. లాప్‌టాప్ ముందునుంచీ 18లోనే ఉంది, అక్కడే కూర్చుంది.

వాయిదాలున్నాయిగా అంటారా? 'సున్నా శాతం వడ్డీ' అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే తేల్చేసింది. బజారు బుద్ధిగా విని, బోర్డు మార్చుకుంది: 'నో కాస్ట్ ఈఎంఐ'.

"దసరా దాకా ఆగు, తగ్గుద్ది" అన్నాడు పక్క సీటాయన.

తగ్గుతుంది, నిజమే. కానీ అప్పటికి అది పాత మోడలైపోదూ!