అనాథల పింఛన్లు రాబట్టే అధికారి గారికి బహిరంగ లేఖ

అమెరికా రాష్ట్రాల ఖజానాకు రాబడి పెంచే మహారాజశ్రీ అధికారి గారి దివ్యసముఖానికి,

ఇక్కడే పన్ను కట్టే ఒక తెలుగువాడి విన్నపం. పన్ను పెంచితే ఓటర్లు ఊరుకోరు. ప్రభుత్వ సంరక్షణలో, అంటే ఫాస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలకు ఓటే లేదు. తమరి చూపు అటు మళ్లడంలో ఎంత తెలివి!

ఆ పిల్లల్లో ఒకడికి తండ్రి పోయాడనుకోండి, సోషల్ సెక్యూరిటీ నుంచి నెలనెలా పింఛను వస్తుంది. మరొకడికి వైకల్యం ఉంటే, పేద వికలాంగులకిచ్చే ఎస్ఎస్ఐ భృతి వస్తుంది. అలాంటివాళ్లను ఏరే పని ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్టుకిచ్చారు. కంపెనీ ఫైళ్లు జల్లెడ పట్టి అర్జీలు పెడుతుంది. పిల్లాడి తరఫున సొమ్ము అందుకునేది తమ శాఖే. 'వాడి తిండికీ బసకూ ఖర్చు పెట్టింది మేమే కదా' అని జమ చేసుకునేదీ తమ శాఖే. నిజానికి ఆ ఖర్చు రాష్ట్రమే భరించాలి. అదే ఇంట్లో పింఛను లేని కుర్రాడికి మాత్రం బిల్లు వేయరు. శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే ఇదే. మొరటుగా అన్నానేమో, క్షమించాలి.

చట్టం తమ పక్షానే ఉంది, కాదనను. 2003లో ఇదే వివాదంపై వచ్చిన కెఫెలర్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాషింగ్టన్ రాష్ట్రాన్ని సమర్థించింది. 2013లో మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం కూడా సరేనంది, కాకపోతే సొమ్ము తీసుకుంటున్న సంగతి పిల్లాడి తరఫు వారికి చెప్పి తీరాలంది. అంటే అప్పటిదాకా చెప్పనేలేదన్నమాట!

ఇక కాంట్రాక్టర్ల సంగతి. రాజధాని వాషింగ్టన్ డి.సి.లో ఫాస్టర్ పిల్లలకు సేవలు అందాయో లేదో చూడకుండా అందరి పేరునా పేదల వైద్య బీమా మెడికెయిడ్‌కు బిల్లులు పెట్టించిందన్న ఆరోపణపై మాగ్జిమస్ కంపెనీ 2007లో 3.05 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. రాబడి పెంచడమంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

అయితే అదే మేరీలాండ్ 2018లో చట్టం చేసింది: పద్నాలుగేళ్లు నిండితే పిల్లాడి సొమ్ములో కనీసం 40 శాతం, పదహారుకు 80 శాతం, పద్దెనిమిదికి మొత్తం వాడి పేరునే దాచాలి. 2,000 డాలర్లు మించి దాస్తే ఎస్ఎస్ఐ ఆగిపోతుందని తమ వకీళ్లు అంటారు. ఆ పరిమితి అడ్డురాకుండా వికలాంగులు దాచుకునేందుకే కదా ఏబుల్ ఖాతాలున్నది! 2014 నుంచీ చట్టంలో ఉన్నాయవి. తెరవడానికి ఏ కాంట్రాక్టరూ అక్కర్లేదు.

తమ సంరక్షణ నుంచి పిల్లాడు బయటికి వెళ్లే రోజున వాడి పేరిట ఎంత వచ్చిందో, ఎక్కడికి పోయిందో లెక్క రాసి చేతికివ్వండి. మిగిలింది వాడికిచ్చేయండి.

ఇట్లు,
తమ విధేయుడైన ఒక పన్ను చెల్లింపుదారు