ఆపిల్ బైట్స్: సటీకా తాత్పర్యము

మూలము: గ్రానీ స్మిత్ ఆపిల్ ఒకటి తొక్క తీసి ఎనిమిది ముక్కలు చేయునది. క్రెసెంట్ రోల్ పిండి డబ్బా విప్పి, ఒక్కొక్క త్రికోణములో ఒక్కొక్క ముక్క చుట్టునది. కరిగిన వెన్న, బ్రౌన్ షుగర్, దాల్చినచెక్క పొడి చేర్చునది. 375 డిగ్రీల వేడిలో 15 నిమిషములు, బంగారు రంగు వచ్చువరకు కాల్చునది. మిక్కిలి సులభము.

అవతారిక: ఆపిల్ బైట్స్ అనేవి అమెరికా ఇళ్లలో సెప్టెంబరు చివరి నుంచి థ్యాంక్స్‌గివింగ్ దాకా ఓవెన్‌లో కాల్చుకునే, రెండు కొరుకుల్లో అయిపోయే తీపి. తోటకు వెళ్లి స్వయంగా కోసుకొచ్చిన ఆపిళ్ల సంచీ వారమైనా తరగనప్పుడు అక్కడి తెలుగిళ్లవారూ ఈ సూత్రాన్నే ఆశ్రయిస్తారు. సూత్రానికి ముందు మూలకారులు విధిగా ఋతువర్ణన చేస్తారు: రాలే ఆకులు, ఊలు స్వెట్టరు, పొగమంచు, అమ్మమ్మ. కాళిదాసు కూడా ఋతుసంహారంలో మూడో సర్గ మొత్తం శరత్తుకే ఇచ్చాడు. అయితే ఆయన పాఠకుడు చేతులకు పిండి అంటించుకుని, వెన్న ఎంత కరిగించాలో వెతుక్కుంటూ నిలబడలేదు. ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి మరీ ఆ కాళిదాసు కావ్యాల వ్యాఖ్యానాలకు పూనుకున్నవాడు కోలాచల మల్లినాథసూరి. ఆ నియమాన్ని వంటల గ్రంథాలకు వర్తింపజేస్తే స్వెట్టరూ అమ్మమ్మా పోయి కొలతలు మిగులుతాయి. ఈ మూలంలో అవీ మిగలవు. వెన్న ఎంతో చెప్పలేదు.

టీక: "గ్రానీ స్మిత్". ఇది ఆస్ట్రేలియా కాయ. సిడ్నీ దగ్గర రైడ్ ప్రాంతంలో మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ తోటలో 1868 ప్రాంతంలో తనంత తాను మొలిచిన మొక్కకు కాసింది. ఆవిడ 1870లో కన్నుమూసింది. చెట్టు మాత్రం లోకమంతా పాకింది. ఎలాగంటే, ఆపిల్ గింజ తల్లి గుణం నిలబెట్టదు. ఒకే కాయలోని అయిదు గింజలు నాటితే అయిదు రకాల చెట్లు లేస్తాయి, వాటిలో చాలావాటి కాయలు పులుపూ వగరూ. బంగినపల్లి మామిడిలాగే దీనికీ అంటు కట్టక తప్పదు. అందువల్ల ఈనాడు ఎక్కడ ఏ గ్రానీ స్మిత్ చెట్టున్నా, అది అంటు మీద అంటుగా ఆ రైడ్ చెట్టు కొమ్మే. గింజలు నాటినవాడు వేరే ఉన్నాడు: జానీ ఆపిల్‌సీడ్‌గా పేరుపడిన జాన్ చాప్‌మన్ (1774–1845). ఒహాయో, ఇండియానా వైపు ఆయన పెంచిన నారుమళ్ల కాయలు చాలావరకు తినడానికి కాక, సైడర్ పులియబెట్టుకోవడానికే పనికొచ్చేవి. ఇంకా వెనక్కి వెళితే వంశమూలం కజకిస్తాన్‌లోని తియాన్‌షాన్ కొండల అడవి ఆపిల్. రష్యా వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ 1929లో ఆల్మాటీ చుట్టుపక్కల అడవులు చూసి, ఆపిల్ పుట్టిల్లు ఇదేనన్నాడు. ఆ అడవిలో మనిషి నాటకుండానే పెద్ద కాయలూ చిన్న కాయలూ, ఎర్రవీ పచ్చవీ, తీపివీ చేదువీ పక్కపక్కనే కాస్తాయి.

ప్రకృతానికి వస్తే, గ్రానీ స్మిత్ పుల్లన, గట్టిది. ఓవెన్‌లోనూ ముక్క ముక్కగానే నిలుస్తుంది. "మెకింటాష్" అని పాఠాంతరం. అది గుజ్జయిపోతుంది కనుక పరిహరణీయం.

"ఎనిమిది ముక్కలు", "త్రికోణము": స్పష్టం.

"375 డిగ్రీల": ఫారెన్‌హైట్ అని అధ్యాహారం చేసుకోవాలి. సెల్సియస్‌లో ఇది సుమారు 190. మూలకారులకు ప్రపంచంలో రెండో కొలమానం ఉన్నట్టు తోచదు.

"15 నిమిషములు, బంగారు రంగు వచ్చువరకు": ఇక్కడ ప్రమాణ విరోధం. గడువు తీరినా రంగు రాకపోతే ఏది బలవత్తరం? వంటింట్లో శబ్దం కంటే ప్రత్యక్షమే బలమైనది, కంటికే ఓటు. అయితే కన్ను చూసేది పైభాగాన్ని. చుట్టిన అతుకుల్లోంచి వెన్నా చక్కెరా కలిసి ట్రే మీదికి కారి, పాకమై, నల్లబడుతుంటాయి. పైన పాలిపోయిన పిండి, అడుగున మాడిన చెక్క. దీనికి విరుగుడైన పార్చ్‌మెంట్ కాగితాన్ని మూలం స్మరించదు.

"మిక్కిలి సులభము": మీమాంసకుల పరిభాషలో ఇది అర్థవాదం. చేయమని పురికొల్పే స్తుతి మాత్రమే, విధి కాదు, అక్షరార్థం తీసుకోరాదు. 15 నిమిషాల్లో ఓవెన్ వేడెక్కడం లేదు, తొక్క తీయడం లేదు, మధ్యలోని గట్టిభాగం చెక్కడం లేదు. ట్రే మీద గాజులా బిగుసుకున్న పాకం గీకడం అసలే లేదు. వీటిని చేసే మనిషి మూలంలో ఎక్కడా కనబడదు. ఆ మనిషి కాలాన్ని లెక్కలోంచి తీసేస్తే ఏ వంటైనా సులభమే.

తాత్పర్యము: ఆపిల్ ముక్కలు పలుచగా కోసి, నల్లబడకుండా నిమ్మరసం చిలకరించాలి. పావు కప్పు వెన్న కరిగించి, అందులో ముప్పాతిక వంతు ముక్కలకు పట్టించి, మూడోవంతు కప్పు బ్రౌన్ షుగర్‌లో చెంచాడు దాల్చినచెక్క పొడి కలిపి పొర్లించాలి. పిండిలో చుట్టి, అతుకు కిందికి వచ్చేలా కాగితం మీద పేర్చి, మిగిలిన వెన్న పైన రాయాలి. పన్నెండో నిమిషం నుంచి ఒకదాన్ని ఎత్తి అడుగు చూస్తుండాలి. దించాక పది నిమిషాలు ఎవరినీ ముట్టనివ్వకూడదు. పైన చల్లారినా లోపలి పాకం నాలుక కాలుస్తుంది.