సి షిఫ్టు వాళ్లకు తలకిందుల సలహాలు

పొద్దున్నే లేచి నడవకండి. బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకి వదిలిపెట్టే ఆ చల్లటి వేళ మీది కాదు. సూర్యోదయం చూడకండి. పట్టపగలు కిటికీలు బిగించి, చీకటి చేసుకుని పడుకోండి. సాయంత్రం లేచాక నడవండి. ఏ ఆరోగ్య శీర్షికలోనూ ఇలా రాయరు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే నా సలహాలు రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కి పొద్దున్న ఆరింటికి దిగే మనిషికి.

విశాఖలో అలాంటివాళ్లు వేలమంది. ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు పగలూ రాత్రీ చూసుకునేవి కావు. కోక్ ఓవెన్ బ్యాటరీని ఒకసారి వేడెక్కించాక చల్లారనివ్వకూడదు, లోపలి సిలికా ఇటుక పగిలిపోతుంది. పోర్టులో బెర్తుకి చేరిన ఓడ తెల్లారేదాకా ఖాళీగా ఉండదు. రిఫైనరీ అంతే. పెద్దాసుపత్రి కె.జి.హెచ్.లో క్యాజువాలిటీ తలుపు మూయరు. చేపల రేవులో పడవలు చీకట్లోనే ఒడ్డుకి చేరతాయి. ఇంతమంది రాత్రంతా మేలుకునే ఊళ్లో ఆరోగ్య సలహాలన్నీ పదికి ఆఫీసుకెళ్లి ఐదింటికి ఇంటికొచ్చే వాళ్ల కోసమే ఉన్నాయి. అవి పాటించబోయి సి షిఫ్టు మనిషి రాత్రీ మేలుకుంటాడు, పగలూ మేలుకుంటాడు.

మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అది కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఆ గడియారానికి కీ ఇచ్చేది వెలుతురు. ఏళ్ల తరబడి దానికి ఎదురీదితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో రాత్రి షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్ కారకమయ్యే వాటి జాబితాలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఉద్యోగం మానేయమని ఎవరూ అనలేరు. కాబట్టి నిద్రని కాపాడుకోవాలి, మిగతావన్నీ దాని తర్వాతే.

షిఫ్టు బస్సులో ఇంటికొచ్చేవాళ్లు గేటు దాటగానే నల్లకళ్లద్దాలు పెట్టుకోండి. పొద్దుటి ఎండ కళ్లలో పడితే ఒళ్లు తెల్లారిందనుకుంటుంది, ఇక నిద్ర దగ్గరకి రాదు. సొంత బండి మీద వచ్చేవాళ్లు మాత్రం పెట్టుకోవద్దు, మత్తు ఎక్కువవుతుంది. వాళ్లకి ఇంకో మాట: కళ్లు మూతలు పడుతుంటే బయల్దేరకండి. పార్కింగులోనో రెస్ట్ రూములోనో ఇరవై నిమిషాలు కునుకు తీసి, ముఖం కడుక్కుని అప్పుడు బండి తీయండి. గాజువాక దగ్గర కంటైనర్ లారీల మధ్య రెండు క్షణాల కునుకు చాలు, ప్రాణం పోవడానికి.

ఇంటికొచ్చాక పేపరు ముట్టకండి, ఫోను చూడకండి, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించే పని నెత్తిన వేసుకోకండి. స్నానం, రెండు ఇడ్లీలు, పడక. ఇక్కడ ఇంట్లోవాళ్లకీ నాలుగు మాటలు చెప్పాలి. మా ఆయన సి షిఫ్టులకి వెళ్లిన రోజుల్లో మా అత్తగారు ఊరినుంచి వస్తే, "పొద్దెక్కినాక పడకేటమ్మా, ఇంటికి అరిష్టం" అని గొణిగేవారు. "ఆయనకి ఇప్పుడే రాత్రి అత్తయ్యా" అని నచ్చజెప్పేదాన్ని. పడకగది కిటికీకి నల్ల దుప్పటి మేకులు కొట్టి బిగించాం. కాలింగ్ బెల్ స్విచ్చి ఆపేసి, గ్యాస్ బండ వాడికీ పాలవాడికీ పక్కింటి తలుపు తట్టమని ముందే చెప్పుకున్నాం. పాత ఇనప సామాన్లు కొంటామని మైకు పెట్టుకుని వీధిలో తిరిగే బండిని ఆపలేం కదా, అందుకని ఫ్యాను ఫుల్లులో పెట్టేవాళ్లం. ఆ హోరులో బయటి చప్పుడు కలిసిపోయేది. కుక్కరు కూత పడాల్సినవన్నీ ఆయన వచ్చేలోపే దించేసేదాన్ని. పెళ్లిళ్లకీ పేరంటాలకీ పగలు పిలిస్తే మొహమాటపడకుండా రానని చెప్పండి. అర్ధరాత్రి రెండింటికి మనింటి పేరంటానికి ఎవరూ రారు.

ఏడు గంటల నిద్ర ఒక్క ముక్కగా పట్టకపోతే విడగొట్టుకోండి. పొద్దున్న ఐదు గంటలు, డ్యూటీకి వెళ్లబోయే ముందు సాయంత్రం గంటన్నరో రెండు గంటలో. సాయంత్రం పడక ఇంటికి మంచిది కాదంటారు పెద్దవాళ్లు. సి షిఫ్టు ఇంట్లో అదే మంచిది.

తిండి విషయానికొస్తే, అసలు భోజనం డ్యూటీకి ముందు, ఎనిమిదిన్నర, తొమ్మిది లోపు కడుపునిండా తినండి. అన్నం, పప్పు, కూర, నెత్తళ్ల పులుసో కవ్వళ్ల వేపుడో, అన్నీ అప్పుడే. నడిరాత్రి రెండింటికి బిర్యానీ పొట్లం విప్పకండి. పగలు తిన్న అన్నాన్నే నడిరాత్రి తింటే రక్తంలో చక్కెర ఇంకా పైకి పోతుంది, ఎందుకంటే ఆ వేళకి ఇన్సులిన్ చురుగ్గా పనిచేయదు. ఆకలేస్తే ఉడికించిన శనగలో, ఒక గుడ్డో, గ్లాసు చోడి (రాగి) అంబలో చాలు. చోళ్లలో నూరు గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలు పడనివాళ్లకి అది పెద్ద ఆసరా. అయితే చోడి షుగర్‌కి మందు అనుకోకండి. చిక్కటి జావ కూడా చక్కెరని గబగబా పెంచుతుంది. పల్చగా కాచి, మజ్జిగ కలిపి, గ్లాసు దాటకుండా తాగాలి.

టీ మానమని అనను. షిఫ్టు మొదట్లో తాగండి, రాత్రి రెండింటి తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటలకి కూడా ఒంట్లోనే ఉంటుంది. నాలుగింటి టీ ఇంటికొచ్చాక మీ పక్కలో పడుకుంటుంది.

వాకింగ్‌కి వచ్చేవాళ్లకి అమ్మే కాకరకాయ రసం జోలికి మీరు వెళ్లకండి. షుగర్ మాత్ర వేసుకుని, ఖాళీ కడుపున ఆ రసం తాగి పడుకుంటే నిద్రలోనే చక్కెర పడిపోవచ్చు. చెమటలు పట్టినా వణికినా చూసేవాళ్లు ఆ గదిలో ఉండరు.

కొలిమి దగ్గర పనిచేసేవాళ్లు దాహం వేసేదాకా ఆగకండి. విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వేడిలో ఉన్నంతసేపూ పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగుతుండండి. వేళకి తిండి తినేవాళ్లకి ఉప్పు బిళ్లలు అక్కర్లేదు. ఉప్పు వేసిన మజ్జిగ చాలు, బీపీ ఉన్నవాళ్లు ఆ ఉప్పు కూడా డాక్టర్ని అడిగే వేసుకోవాలి. తోటివాడు మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ కూలబడితే జ్వరం బిళ్ల ఇవ్వకండి, వడదెబ్బకి అది పనిచేయదు. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్లూ పోయకండి. బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు గుమ్మరించి, ఫ్యాను పెట్టి, అంబులెన్సు పిలవండి.

చివరగా మందులు. చీటీ మీద డాక్టరు "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి" అని రాస్తారు. మీ ఉదయం ఏది? డ్యూటీ దిగి పడుకోబోయే ఆరున్నరా, నిద్ర లేచే మధ్యాహ్నం రెండున్నరా? షుగర్ మాత్ర, ఇన్సులిన్ తిండిని బట్టి, బీపీ మాత్ర గంటని బట్టి వేసుకోవాల్సి ఉండొచ్చు. మీరే ఊహించుకుని వేళలు మార్చకండి. ఈసారి వెళ్లేటప్పుడు ఒక కాగితం పట్టుకెళ్లండి. ఎ, బి, సి షిఫ్టులకి మూడు గడులు గీసి, ఏ షిఫ్టులో ఎన్నింటికి తింటారో, ఎన్నింటికి పడుకుంటారో రాసి డాక్టరు బల్ల మీద పెట్టండి. ప్రతి గడిలోనూ మాత్ర వేసుకునే గంట ఆయన చేతే రాయించుకుని, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించండి.