ఇంజిన్ గోత్రాలు

కరీంనగర్ కమాన్ దగ్గర చాయ్ హోటల్లో నలుగురు కూర్చుంటే అందులో ముగ్గురు ఇంజిన్ నిపుణులు. నాలుగో ఆయన ఇంకా కారు కొనలేదు. వచ్చే దసరాకు ఆయనా నిపుణుడైపోతాడు. మన దగ్గర కారు కొన్నవాడికి షోరూంవాళ్లు తాళంచెవితో పాటు ఒక గోత్రం కూడా చేతిలో పెడతారు. టయోటా గోత్రికుడి లెక్కలో తన ఇంజిన్‌కు చావు లేదు. మారుతి గోత్రికుడి లెక్కలో తనది తప్ప లోకంలో ఉన్నవన్నీ షెడ్డు దారి పట్టే ఇంజిన్లే. టాటా గోత్రికుడిని ఇంజిన్ గురించి అడిగితే డోరు రేకు మందం చెప్తాడు. మహీంద్రా గోత్రికుడు ఏమీ చెప్పడు, వెనక నుంచి హారన్ కొడతాడు.

ఈ గోత్రాల పంచాయితీ ఎక్కువగా పెండ్లిళ్లలో, పార్కింగ్ దగ్గర మొదలవుతుంది.

"ఏం బండి తీస్కున్నవ్ అల్లుడా?"

"సెకండ్‌హ్యాండ్ విస్టా, మామా. డీజిల్."

"అరె, టాటా ఇంజినా? లక్ష దాటినంక అది ఇంజిన్ గాదు, పొగగొట్టం. మా స్విఫ్ట్ జూడు. జపాన్ ఇంజిన్. చెయ్యి పెట్టే పనే లేదు."

మామ చెప్పే ఆ జపాన్ ఇంజిన్ ఇటలీ సంబంధం. 1248 సీసీ మల్టీజెట్ అని ఫియట్ వాళ్ల డీజిల్ ఇంజిన్ ఒకటి ఉండేది. 2007లో అదే మారుతి స్విఫ్ట్‌లో డీడీఐఎస్ పేరుతో కూర్చుంది. 2008లో టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ పేరుతో కూర్చుంది. ఫియట్ పుంటోలో మాత్రం సొంత పేరుతోనే తిరిగింది. మారుతి కోసం దాన్ని లైసెన్సు మీద మానేసర్‌లో చేశారు. టాటాకు, ఫియట్‌కు పుణె దగ్గరి రంజన్‌గావ్‌లో చేశారు. డీజిల్ కార్లకు గిరాకీ పెరిగి మానేసర్ చాలకపోయేసరికి 2012లో మారుతి వెళ్లి, ఏడాదికి లక్ష ఇంజిన్ల దాకా ఇమ్మని ఫియట్‌తోనే ఒప్పందం రాసుకుంది. ఆ రోజుల్లో స్విఫ్ట్ కొన్న మామలు కొందరి బానెట్ కింద ఉన్నది అల్లుడి ఇంజిన్ పుట్టిన షెడ్డులోనే పుట్టిన ఇంజిన్. సగోత్రం కాబట్టి వియ్యం కుదరదంటే అర్థం ఉంది గానీ, సగోత్రీకులే ఒకరి పుట్టుక ఒకరు ఎత్తిపొడవడం మన చాయ్ హోటళ్ల ప్రత్యేకత. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్‌కు దండం పెట్టేసింది. ఇంజిన్ పోయింది. పంచాయితీ మాత్రం ఇంకా ఆయిల్ మార్చకుండానే నడుస్తోంది.

మామ మాటలో నిజం లేదా అంటే, కొంత ఉంది. ఇంజిన్ ఒక్కటే కారు కాదు. దాని చుట్టూ ఉండే రబ్బరు పైపులు, రేడియేటరు, వైరింగు, క్లచ్చు ఎవరి కంపెనీవి వాళ్లవి. పది రూపాయల క్లిప్పు ఊడి కూలెంటు కారిపోతే ఇంజిన్ వేడెక్కి హెడ్ పోతుంది. ఆ పాపం ఇటలీది కాదు. పైగా చాలా ఇండికాలు, విస్టాలు ట్యాక్సీలకు పోయాయి. పగలొక డ్రైవరు, రాత్రొక డ్రైవరు, రెండు పూటలా ఓనరు ఫోన్లు. అలా నాలుగేళ్లు నలిగిన ట్యాక్సీని, ఆదివారం ఆదివారం వేములవాడ రాజన్న దర్శనానికి మాత్రమే కదిలిన స్విఫ్ట్ పక్కన నిలబెట్టి ఏ ఇంజిన్ గట్టిదో తేల్చేస్తాం. తీర్పు కంపెనీ పేరు మీద రాస్తాం.

పాత గోత్రాలూ ఇంతే. స్వదేశీ గుర్తుగా మంత్రులు ఎక్కి తిరిగిన అంబాసిడర్ ఒంట్లో ఉన్నది ఇంగ్లండు మోరిస్ రక్తం. 1990ల్లో అందులోకి జపాన్ ఇసుజు ఇంజిన్ ఎక్కింది. మన ఊళ్ల మీద దుమ్ము రేపిన మహీంద్రా జీపుల్లో కొన్నిటిది ఫ్రాన్స్ ప్యుజో లైసెన్సు.

అసలు పెద్దింటి బిడ్డ మాత్రం ఆదిలాబాద్ ఏజెన్సీలో ఉంది. ఉట్నూరు నుంచి జైనూరు పోయే తోవలో నిలబడితే తుఫాన్ బండి వస్తుంది. లోపల ఎంతమందో లెక్క తేలదు, పైన మూటలు, వెనక నిచ్చెన మీద ఇద్దరు. నాగోబా జాతర రోజుల్లో కేస్లాపూర్ వైపు పోయేటప్పుడైతే ఆ లెక్క డ్రైవరుకు కూడా తెలియదు. బజాజ్ టెంపో, ఇప్పటి ఫోర్స్ మోటార్స్, ఈ తుఫాన్ పుట్టిన ట్రాక్స్ కుటుంబం బండ్లకు పెట్టిన ఇంజిన్ మెర్సిడెస్ దగ్గర లైసెన్సు తీసుకున్న ఓఎం 616 వంశానిది. ఆ మెర్సిడెస్ ఇంజినే 240డి అనే కారులో ఉండేది. గ్రీసులో గ్రెగోరియోస్ సాకినిడిస్ అనే ట్యాక్సీ డ్రైవరు 1976 నాటి అలాంటి కారును 46 లక్షల కిలోమీటర్లు నడిపితే, కంపెనీ 2004లో దాన్ని తన మ్యూజియానికి తీసుకుపోయింది. బెంజ్ ఇంజిన్‌కు చావు లేదనడానికి ఈ కథ ప్రపంచమంతా చెప్పుకుంటారు. ఆయన మూడు ఇంజిన్లు పెట్టుకుని, ఒకటి బాగుచేయిస్తుంటే ఇంకొకటి బిగించుకుంటూ మార్చి మార్చి నడిపాడన్న ముక్క మాత్రం కథ చెప్పేవాళ్ల నోట్లోంచి జారిపోతుంది. నా దృష్టిలో గొప్పతనమంతా ఆ ముక్కలోనే ఉంది.

బెంజ్ కొన్నానని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. తుఫాన్ ఓనరు ఎవరూ కట్టించుకోలేదు. ఆయనకు ఇన్‌స్టాల్‌మెంటు తారీఖు తప్ప వంశవృక్షం పట్టదు.

బ్యాడ్జీ మహిమ తెలియాలంటే 2019కి రావాలి. మారుతి బలెనోకే గుర్తు మార్చి టయోటా గ్లాంజా అని అమ్మడం మొదలైంది. ఇంజిన్ అదే, కారు అదే. ఆ ఏడాది మారుతి షోరూంలో దాని వారంటీ రెండేళ్లు, 40 వేల కిలోమీటర్లు. టయోటా షోరూంలో మూడేళ్లు, లక్ష కిలోమీటర్లు. ఒక్క తల్లి బిడ్డకు రెండు ఇండ్లలో రెండు ఆయుష్షులు! మారుతి కూడా మూడేళ్లకు, లక్షకు రావడానికి 2024 దాకా పట్టింది. ఈలోపు ఇంజిన్లో మారిందేమీ లేదనను. వారంటీ మాత్రం ఇంజిన్ ఎన్నాళ్లుంటుందని కంపెనీ నమ్ముతోందో చెప్పే కాగితం కాదని, మనల్ని ఎంతకు నమ్మించాలో చెప్పే కాగితమని ఆ ఐదేళ్లు సాక్ష్యం చెప్పాయి. ఇప్పుడు ఇంకో ముచ్చట: టయోటా హైక్రాస్‌ను మారుతి ఇన్విక్టో పేరుతో అమ్ముతోంది. ఇల్లరికం అటు నుంచి ఇటూ నడుస్తోంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పక్క ఊళ్లలో టయోటాను ఒక్క మాట అంటే గల్ఫ్ నుంచి వచ్చిన కాక ఊరుకోడు. "సౌదీల నేను పదేండ్లు నడిపిన. ఒక్కనాడు ఆగలే." కాక అబద్ధం చెప్పడు. కానీ అక్కడ గడువు రాగానే బండిని కంపెనీ వర్క్‌షాపులో ఎక్కించి, కంపెనీ పైసలతో ఆయిలు, ఫిల్టరు మార్చేవాళ్లు. ఇక్కడ అదే కాక సొంత బండికి ఆయిల్ మార్పించేముందు నలుగురిని అడిగి, "ఇంకో రెండు వేలు నడువనియ్" అంటాడు. 2000లో వచ్చిన క్వాలిస్ మొండితనానికి ఇంకో కారణం కూడా ఉంది. 2446 సీసీ ఉన్న ఆ డీజిల్ ఇంజిన్‌కు టర్బో లేదు, అది ఇచ్చేది సుమారు 75 హార్స్‌పవర్. అందులో సగం ఉన్న మల్టీజెట్ టర్బో తోడుతో అంతే ఇచ్చేది. ఒకటి తాపీగా మోసే బరువును ఇంకొకటి రొప్పుతూ మోస్తుంది. ఏది ఎక్కువకాలం ఉంటుందో చెప్పడానికి కంపెనీ పేరు అవసరం లేదు. ఇక టయోటా అయినంత మాత్రాన తప్పు జరగదనుకునేవాళ్లకు: 2024లో ఆ కంపెనీ అమెరికాలో దాదాపు లక్ష టండ్రా ట్రక్కులను, లెక్సస్ బండ్లను వెనక్కి పిలిపించింది. తయారీలో కోసిన లోహపు పొట్టు ఇంజిన్ల లోపలే ఉండిపోయింది. 2015లో అదే అమెరికాలో హ్యుందయ్ సొనాటాలను వెనక్కి పిలిపించింది కూడా ఆ పొట్టే. గోత్రాలు వేరు, పొట్టు ఒకటే.

మన వైపు పొట్టు సంగతి చూద్దాం. కారు కొన్న మొదటి మంగళవారమో శనివారమో కొండగట్టు. బానెట్ మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, అంజన్నకు కొబ్బరికాయ. ఆ బానెట్ మళ్లీ తెరుచుకునేది ఇంజిన్ ఆగినప్పుడే. రామగుండం ఎండలో రేడియేటర్‌లో మట్టం తగ్గితే కూలెంటు కొనడం దండగని బోరు నీళ్లు పోస్తాం. ఆ నీళ్లలోని సున్నం లోపల పేరుకుని ఇంజిన్ కూడా బోరుకొస్తుంది. గ్రానైట్ లారీల వెనక, బొగ్గు లారీల వెనక రోజూ తిరుగుతూ ఎయిర్ ఫిల్టర్ విప్పి టైరుకేసి నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ పెట్టేస్తాం. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కించి, దాబా ముందు బండి ఆగీ ఆగకముందే తాళం తిప్పేస్తాం. ఎర్రగా కాలి ఉన్న టర్బోకు ఆయిలు అందడం ఆ క్షణానే ఆగిపోతుంది. దిగేటప్పుడు డీజిల్ మిగలాలని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో వదిలే మహానుభావులు వేరే. వాళ్ల బ్రేకులూ స్టీరింగూ మొండికేస్తే తిట్లు తినేది మళ్లీ కంపెనీయే.

ఇప్పుడు కొత్త గోత్రం పుట్టింది: ఢిల్లీ బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అన్నప్పటి నుంచి, అక్కడ ముసలిదైన ప్రతి ఇన్నోవా, ఫార్చ్యూనర్ ఎన్‌ఓసీ పట్టుకుని ఇక్కడికొచ్చి పడుచుదవుతోంది. "డాక్టర్ సాబ్ బండి అన్నా, సింగిల్ హ్యాండ్." మీటరు అరవై వేలంటుంది. బ్రేక్ పెడల్ మీది రబ్బరు అరిగి ఇనుము మెరుస్తుంటుంది. కొనేవాడు పెడల్ చూడడు, గుర్తు చూస్తాడు.

జర్మనీలో టీయూవీ అని తనిఖీ సంస్థ ఉంది. లక్షల కార్లను పరీక్షించి, ఏ మోడల్ ఎన్నేళ్లకు ఎక్కడ చెడుతోందో ఏటా పుస్తకంగా వేస్తుంది. మన దగ్గర అలాంటి లెక్క కావాలంటే ఆర్టీసీ డిపోకు పోవాలి. ఏ బస్సు లీటరుకు ఎన్ని కిలోమీటర్లిచ్చింది, ఏ డ్రైవరు చేతిలో ఎంత తాగింది, ఎప్పుడు ఇంజిన్ దించారు, అన్నీ రాసి ఉంటాయి. అశోక్ లేలాండా, టాటానా అన్న పంచాయితీ అక్కడ రిజిస్టరు ముందు నోరు మూసుకుంటుంది. కరీంనగర్ జోనల్ వర్క్‌షాపులో ఇంజిన్లు విప్పి బిగించి రిటైరైన మెకానిక్‌లు ఊళ్లో ఎందరో ఉన్నారు. పెండ్లి విందులో ఒక మూల అలాంటాయన ఒకరు బువ్వ తింటూ, మామ అల్లుళ్ల ఇంజిన్ వాదం మొత్తం వింటుంటాడు. ఆయనను ఎవరూ ఏమీ అడగరు. ఆయనకు కారు లేదు కదా.